మేలో సొంత కారుతో ముక్తినాథ్: భన్సార్ రసీదు నుంచి టెంటు తాళ్ల దాకా

హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలి సరిహద్దు సుమారు 1,500 కిలోమీటర్లు. సరిహద్దు దాటాక నేపాల్‌లో పోఖరా, బేని, జోమ్‌సోమ్ మీదుగా ముక్తినాథ్ గుడి సుమారు 360. ఆ 1,500కి మూడు రోజులు చాలు. ఈ 360కి మాత్రం నాలుగైదు రోజులు పెట్టుకోవాలి. మ్యాప్‌లో కిలోమీటర్లు చూసి ప్లాన్ వేసేవాళ్లు తడబడేది ఇక్కడే. ఈ ప్రయాణంలో దూరాన్ని పట్టించుకోనక్కర్లేదు, గడియారాన్నీ క్యాలెండర్‌నీ మాత్రం వదలకూడదు. వానలు ఏ తేదీకి దిగుతాయి, లోయలో గాలి ఎన్నింటికి లేస్తుంది, పర్మిట్ ఏ రోజుతో ముగుస్తుంది, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకోవాలి... ముందు వీటిని రాసుకుని, హోటళ్లూ టెంట్ల సంగతి ఆ తర్వాత చూడండి.

తేదీలను వెనక నుంచి లెక్కపెట్టండి. నేపాల్‌లో రుతుపవనాలు మామూలుగా జూన్ 13 ప్రాంతంలో అడుగుపెడతాయి. కాబట్టి జూన్ 5 నాటికి కొండలు దిగి తరాయి మైదానంలో ఉండేలా చూసుకోవాలి. ముక్తినాథ్ ఉన్న ముస్తాంగ్ జిల్లా వర్షచ్ఛాయ ప్రాంతం, అక్కడ వాన తక్కువే. కానీ అక్కడికి చేర్చే బేని–తాతోపాని–ఘాసా రోడ్డు తడి కొండల మధ్య నుంచే వెళ్తుంది. అలాంటి కొండల్లోనే, 2024 జూలై 12న నారాయణఘాట్–ముగ్లింగ్ రోడ్డులో సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. పిల్లల సెలవులు జూన్ రెండో వారం దాకా ఉన్నాయి కదా అని అప్పటిదాకా సాగదీయొద్దు. మే మొదటి వారంలో బయల్దేరడం అన్నింటికంటే మంచిది, మూడో వారం దాటితే ఈ రూటు పక్కనపెట్టండి.

మేలో నాగ్‌పూర్–రీవా మధ్య పగలు 44, 45 డిగ్రీలు మామూలే. తెల్లారి నాలుగింటికి బండి తీసి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆ రోజు ప్రయాణం ముగించండి. టైర్లు పేలేది ఎక్కువగా ఎండలో కాగిన సిమెంటు రోడ్డు మీద, నిండా సామాను వేసుకుని గంటల తరబడి పరుగెత్తినప్పుడే. గాలి తక్కువ ఉండటం ఇంకా ప్రమాదం. డ్రైవర్ తలుపు పక్కన అతికించిన స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కి ఎంత పీఎస్ఐ రాశారో చూసి, బయల్దేరే ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొట్టించుకోండి.

కాగితాలు

భారతీయులకు నేపాల్ వీసా అక్కర్లేదు. పెద్దవాళ్లకు పాస్‌పోర్టు గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ ఉంది కదా అనుకుంటే కుదరదు. అది 15 ఏళ్లలోపు, 65 దాటినవాళ్లకే చెల్లుతుంది. మధ్యలో ఇరుక్కునేది 15–18 మధ్య పిల్లలు, వాళ్లకు పాస్‌పోర్టు లేకపోతే స్కూలు ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు ధ్రువపత్రం కావాలి. వేసవి సెలవుల్లో స్కూళ్లు మూతపడి ఉంటాయి, అందుకే ఏప్రిల్‌లోనే తీసిపెట్టుకోండి.

బండికి సంబంధించి ఒరిజినల్ ఆర్‌సీ, డ్రైవింగ్ లైసెన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలి. ఫోన్‌లో డిజిలాకర్ చూపిస్తే సరిహద్దు అవతల ఎవరూ పట్టించుకోరు. ఒక్కోటి నాలుగు జిరాక్సులు, నాలుగు పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఒక ఫైల్లో పెట్టండి. ఆర్‌సీ మీద పేరున్న మనిషి కార్లో లేకపోతే నోటరీ చేయించిన అనుమతి పత్రం ఉండాలి. తమ్ముడి కారు, ఆఫీసు కారు తీసుకెళ్లేవాళ్లు దీన్ని మర్చిపోయి సరిహద్దులో గంటల తరబడి కూర్చుంటారు.

ఎక్కువమంది చూడకుండా వదిలేసేది ఇన్సూరెన్స్. మన మోటారు పాలసీ మామూలుగా భారత్ లోపలి ప్రమాదాలకే వర్తిస్తుంది. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ లాంటి పొరుగు దేశాలకు దాన్ని పొడిగించే ఎండార్స్‌మెంట్ ఒకటుంది, పేరు ఐఎంటీ-1. కంపెనీకి మెయిల్ పెట్టి, అదనపు ప్రీమియం కట్టి, ఆ ఎండార్స్‌మెంట్ కాగితం ప్రింటు తీసుకోండి. కాల్ సెంటర్‌లో ‘కవర్ అవుతుంది సార్’ అన్నది లెక్కలోకి రాదు. ఇది లేకుండా బేని ఘాట్‌లో బంపర్ పగిలినా, ఇంజిన్ కింద ఆయిల్ సంప్ పగిలినా ఖర్చు మీదే.

డ్రోన్, వాకీటాకీ, శాటిలైట్ ఫోన్ ఈ మూడింటికీ నేపాల్‌లో ముందస్తు అనుమతి కావాలి. అంత ప్రయాసపడే ఉద్దేశం లేకపోతే ఇంట్లోనే వదిలేయండి.

సునౌలిలో ఉదయం

ముందు రోజు రాత్రి గోరఖ్‌పూర్‌లో పడుకోండి. అక్కడి నుంచి సునౌలి వంద కిలోమీటర్లలోపే. తొమ్మిది దాటితే సరిహద్దు గేటు ముందు లారీల బారులు మొదలవుతాయి, అంతకు ముందే చేరాలి. శనివారం నేపాల్‌లో వారపు సెలవు, ఆ రోజు సరిహద్దు దాటేలా ప్లాన్ పెట్టుకోవద్దు.

గేటు దాటగానే అవతలి ఊరు బెలహియా. అక్కడ చేయాల్సిన పనులు రెండు. మొదటిది భన్సార్, అంటే కస్టమ్స్ ఆఫీసులో బండికి రోజుల లెక్కన కట్టే రుసుము. రెండోది యాతాయాత్ (రవాణా) ఆఫీసులో బండి తిరగడానికి ఇచ్చే అనుమతి. గేటు దగ్గర్నుంచే ఏజెంట్లు కారు అద్దం కొడతారు. ఫారం నింపడం కష్టమేం కాదు, బండి నంబరు, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, లైసెన్స్ నంబరు, ఎన్ని రోజులు, ఎక్కడిదాకా అన్నవే అడుగుతారు. ఫీజు నేపాలీ రూపాయల్లో కడతారు కాబట్టి ముందే కొంత మార్చుకోండి. మారకం రేటు స్థిరం: మన 100 వాళ్ల 160.

రోజులు లెక్కించేటప్పుడు జాగ్రత్త. ప్రవేశించిన రోజు ఒకటి, బయటికొచ్చే రోజు ఒకటి, రెండూ లెక్కలోకి వస్తాయి. సోమవారం ఉదయం వెళ్లి పై వారం గురువారం సాయంత్రం తిరిగొస్తే అది పదకొండు రోజులు. దానికి రెండు రోజులు కలిపి కట్టండి. కొండచరియ పడి ఒక రోజు రోడ్డు మూసేస్తే, గడువు దాటిన కారుతో సరిహద్దులో జరిమానా బేరాలు ఆడటం కన్నా రెండు రోజుల ఫీజు చౌక. మన నంబరు ప్లేటు బండి నేపాలీ ఆర్థిక సంవత్సరంలో మొత్తం 30 రోజులే ఉండొచ్చు. ఆ సంవత్సరం జూలై మధ్యలో మారుతుంది.

రసీదు చేతికి రాగానే కౌంటరు దగ్గరే నిలబడి చదవండి. తేదీలు విక్రమ సంవత్‌లో ఉంటాయి, అంకెలు కూడా చాలాసార్లు దేవనాగరిలోనే. మన 2026 మే వాళ్లకు 2083, మే మధ్యలో జేఠ్ నెల మొదలవుతుంది. వాళ్ల నెలల్లో 31, 32 రోజులు కూడా ఉంటాయి కాబట్టి మనసులో లెక్కవేయకుండా, ఫోన్‌లో నేపాలీ క్యాలెండర్ యాప్ పెట్టుకుని గడువు తేదీని మన తేదీలోకి మార్చి రసీదు వెనక పెన్సిల్‌తో రాసుకోండి. బండి నంబరులో ఒక అక్షరం తప్పుపడినా అక్కడికక్కడే దిద్దించుకోవాలి. వంద కిలోమీటర్లు పోయాక ట్రాఫిక్ పోలీసు పట్టుకుంటే, మళ్లీ ఇక్కడికే రావాలి.

వాళ్ల గడియారం మనకంటే 15 నిమిషాలు ముందు. ఆఫీసు ఐదింటికి మూస్తారంటే మనకు 4:45.

డబ్బు విషయానికొస్తే, 2018లో నేపాల్ మన 200, 500, 2000 నోట్లను నిషేధించింది. తర్వాత నిబంధనలు మారుతూ వచ్చాయి గానీ, వంద నోట్లకు ఎప్పుడూ ఇబ్బంది లేదు, అవే కట్టలుగా పెట్టుకోండి. 2024 మార్చి నుంచి ఫోన్‌పే నేపాల్ క్యూఆర్ కోడ్‌ల మీద మన యూపీఐ పనిచేస్తోంది (ఇది మన ఫోన్‌పే కాదు, అక్కడి వేరే సంస్థ). పోఖరాలో సరిపోతుంది, కొండల్లో సిగ్నల్ లేనిచోట నగదే. ఫాస్టాగ్ అక్కడ పనికిరాదు. నేపాల్ టెలికామ్ సిమ్ ఒకటి తీసుకోండి, ముస్తాంగ్ వైపు కవరేజీకి అదే నమ్మకం. పోలీసు 100, అంబులెన్స్ 102, ట్రాఫిక్ 103, టూరిస్ట్ పోలీసు 1144.

పోఖరా దాకా, ఆ తర్వాత

బెలహియా నుంచి పోఖరాకు సిద్ధార్థ హైవే 180 కిలోమీటర్లు. భైరహవా, బుట్వల్ దాకా చదునే, ఆ తర్వాత ఘాట్ మొదలు. బుట్వల్ దాటగానే సిద్ధబాబా దగ్గర కొండ నుంచి రాళ్లు దొర్లే ముక్క ఉంది. అక్కడ ఫొటోల కోసం ఆగొద్దు, అద్దాలు దించి చూడొద్దు, ఆగకుండా దాటేయండి. సరిహద్దులో పని మధ్యాహ్నానికి తెమిలితే ఆ రాత్రికి తాన్‌సేన్‌లో ఆగడం ఉత్తమం. 1,300 మీటర్లపైన ఉన్న ఊరు, మైదానపు ఉక్క నుంచి తెరిపి. పోఖరా మర్నాడు.

పోఖరాలో ఒక పూట పనులున్నాయి. అన్నపూర్ణ కన్జర్వేషన్ ఏరియా పర్మిట్ నేపాల్ టూరిజం బోర్డు ఆఫీసులో తీసుకోవాలి. సార్క్ దేశస్తులకు రుసుము తక్కువ. ముక్తినాథ్, కాగ్‌బేని దాకా ఇది చాలు. కాగ్‌బేని దాటి ఉత్తరానికి, లో-మంథాంగ్ వైపు వెళ్లాలంటే నియంత్రిత ప్రాంత పర్మిట్ వేరే ఉంది, అది రిజిస్టర్డ్ ఏజెన్సీ ద్వారానే వస్తుంది. దాన్ని ఈ ప్రయాణంలో కలపొద్దు.

స్టవ్‌కి గ్యాస్ క్యానిస్టర్లు కూడా పోఖరా లేక్‌సైడ్‌లోనే కొనండి, ఇంటి నుంచి తేవద్దు. క్యానిస్టర్ మీదే 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. మే మధ్యాహ్నం పార్క్ చేసిన కారు లోపల అది అరగంటలో దాటుతుంది. కొనేటప్పుడు లేబుల్ చూడండి. ఒట్టి బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడమే మానేస్తుంది, తెల్లవారుజామున టీకి స్టవ్ వెలగదు. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసినది తీసుకోండి. నలుగురికి రెండుపూటలా టీ, ఒకపూట వంట లెక్కన 230 గ్రాములది రెండు రోజులు వస్తుంది. గాలి తగిలితే అది ఒక్క రోజే.

పోఖరా నుంచి బేని 80 కిలోమీటర్లు, బేని నుంచి జోమ్‌సోమ్ 76. ఈ 76 చాలాచోట్ల ఒక బండి పట్టేంత వెడల్పే. తారు, కంకర, బురద మారుతూ ఉంటాయి. గ్రౌండ్ క్లియరెన్స్ 180 మిల్లీమీటర్లకు తగ్గిన కారుతో వెళ్లొద్దు. సెడాన్‌లు పోవడం లేదా అంటే పోతున్నాయి, కింద ఎక్కడో ఒకచోట తగిలించుకుని. రూప్సే జలపాతం లాంటి చోట్ల రోడ్డు మీదికి వచ్చే నీళ్లు, మంచు కరిగి వచ్చే వాగులు ఉదయం తక్కువగా, మధ్యాహ్నానికి ఎక్కువగా ఉంటాయి. బేనిలో ఆరింటికి బయల్దేరాలనడానికి అదొక కారణం. రెండో కారణం బస్సులు. ఎదురుగా బస్సు వస్తే వెనక్కి వెళ్లాల్సింది మనమే. కాబట్టి వెడల్పు చోటు దాటిన ప్రతిసారీ ‘వెనక ఎంత దూరంలో ఉంది’ అని గుర్తుపెట్టుకుంటూ నడపండి.

ఎత్తుతో కారుకి జరిగేవి కొన్ని. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ 3,700 మీటర్ల దగ్గర మూడో వంతు బలం కోల్పోతుంది. బండి పాడైందనుకోవద్దు, మొదటి గేరులో ఎక్కించండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దానిలోనే దిగండి, బ్రేకు మీద కాలు పెట్టి దిగితే పది నిమిషాల్లో మాడిన వాసన వస్తుంది, ఇంకాస్త సేపట్లో బ్రేకు పట్టదు. టైర్ల సంగతి తమాషాగా ఉంటుంది. పైకి పోతే బయటి గాలి ఒత్తిడి తగ్గి టైరు గేజ్ ఐదు పీఎస్ఐ పెరగాలి. కానీ మైదానంలో 42 డిగ్రీల్లో కొట్టించిన గాలి, పైన ఐదు డిగ్రీల చలికి కుంచించుకుపోయి, దాదాపు అంతే తగ్గుతుంది. రెండూ కొట్టుకుపోయి 33 కొట్టిస్తే 33 దగ్గరే ఉంటుంది. పైన ఎవరైనా గాలి తీసేయమని సలహా ఇస్తే వినొద్దు. నాలుగింటిలో ఒకటి మాత్రమే తగ్గి కనిపిస్తే అది పంక్చర్.

ఆవకాయ సీసాకి మాత్రం ఇలాంటి అదృష్టం లేదు. లోపల ఇరుక్కున్న గాలి వ్యాకోచించి మూత సందుల్లోంచి నూనె కక్కుతుంది. తాతోపానిలో ఒకసారి, మార్ఫాలో ఒకసారి మూత కాస్త వదులు చేసి బిగించండి, సీసా నిటారుగా, చుట్టూ ప్లాస్టిక్ కవరుతో.

టెంటు ఎక్కడ, ఎన్నింటికి

బేని దాటాక మనం వెళ్లే కాలీ గండకీ నది లోయ ఒక పక్క ధవళగిరి (8,167 మీటర్లు), ఇంకో పక్క అన్నపూర్ణ (8,091) మధ్య కోసుకుపోయిన దారి. పగలు ఎత్తైన పీఠభూమి వేడెక్కగానే కింది గాలిని ఈ దారి గుండా పైకి లాగుతుంది. ఉదయం పది, పదకొండుకు మొదలై సాయంత్రం దాకా దక్షిణం నుంచి ఉత్తరానికి ఒకటే హోరు, ఇసుకతో సహా. జోమ్‌సోమ్‌కి విమానాలు పొద్దున్నే వెళ్లొచ్చేయడం ఇందుకే. మధ్యాహ్నం రెండింటికి కాగ్‌బేని మైదానంలో టెంటు విప్పితే అది పరుచుకోదు, ఎగురుతుంది. మొదట విరిగేది పోల్, తర్వాత చిరిగేది జిప్ దగ్గరి కుట్టు.

కాబట్టి క్యాంపు కాలోపానిలో (2,530 మీటర్లు, పైన్ చెట్ల చాటు), మార్ఫాలో (2,670 మీటర్లు, ఆపిల్ తోటల రాతి గోడల చాటు) వేసుకోండి. లాడ్జి పెరడో, తోటో ఏదైనా ఇంటివాళ్లను అడిగి, డబ్బిచ్చి, రాత్రి భోజనం వాళ్ల దగ్గరే చెప్పండి. టాయిలెట్, నీళ్లు, గోడ, మూడూ దొరుకుతాయి. జనం లేని ఏకాంతపు చోటు వెతుక్కోవడం ఇక్కడ తెలివైన పని కాదు.

నేల గులకరాళ్లు కాబట్టి మామూలు మేకులు దిగవు, దిగినా నిలవవు. 3 మిల్లీమీటర్ల తాడు 20 మీటర్లు అదనంగా తీసుకెళ్లండి. తాడు చివర కొబ్బరికాయంత రాయికి ముడివేసి నేల మీద పెట్టి, దాని ముందు, అంటే టెంటు వైపు, తాడు మీదుగా పెద్ద బండరాయి ఆనించండి. తాడు లాగినకొద్దీ చిన్న రాయి వచ్చి పెద్దదానికి కొట్టుకుని బిగుసుకుంటుంది. టెంటు సన్నటి వైపు దక్షిణానికి, తలుపు ఉత్తరానికి. పైకప్పు గుడ్డ బిగుతుగా లేకపోతే రాత్రంతా పటపటమంటుంది, నిద్ర ఉండదు.

నది ఒడ్డున ఇసుక తిన్నె ఎంత బాగున్నా వద్దు. 2012 మే 5న పోఖరా దగ్గర ఖారాపానిలో, పైన అన్నపూర్ణ కొండల్లో రాతి చరియ కూలడంతో సేతి నది హఠాత్తుగా పొంగి డెబ్భైమందికి పైగా పోయారు. ఊళ్లో ఆ ఉదయం వాన లేదు. 2023 ఆగస్టులో వర్షచ్ఛాయలో ఉన్న కాగ్‌బేనిని కూడా వరద ముంచింది. నీటిమట్టానికి కనీసం పది, పదిహేను మీటర్ల ఎత్తులో, ఊరి పాత ఇళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చూసి అంత ఎత్తున ఉండండి. కట్టెలతో మంట కూడా వద్దు. ఏప్రిల్, మే అక్కడ అడవులు తగలబడే కాలం, ఆ లోయ గాలిలో ఒక్క నిప్పురవ్వ చాలు.

స్లీపింగ్ బ్యాగ్ కంఫర్ట్ సున్నా డిగ్రీలది తీసుకోండి. ప్యాకెట్ మీద పెద్దక్షరాల్లో ఉండే ‘ఎక్స్‌ట్రీమ్’ అంకె చూసి కొంటే చలికి వణకాల్సిందే, అది ప్రాణం పోకుండా ఉండే హద్దు మాత్రమే. కింద చాప పలచనైతే పైన ఎంత కప్పుకున్నా లాభం లేదు.

వంటకి మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. కాలోపానిలో నీళ్లు 91, 92 డిగ్రీలకే మరుగుతాయి, ముక్తినాథ్‌లో 87, 88కే. గిన్నెలో బియ్యం మెత్తబడినట్టే ఉండి లోపల పలుకు మిగులుతుంది, కందిపప్పు అసలు ఉడకదు. కుక్కర్ కూడా అక్కడ మైదానంలో చేరే 120 డిగ్రీలకు చేరదు, 115 దగ్గర ఆగుతుంది. మామూలుకన్నా రెండు విజిల్స్ ఎక్కువ, పప్పు గంటసేపు నానబెట్టాలి. వంట టెంటు బయటే. చలికి తలుపు మూసుకుని స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా పని పూర్తి చేస్తుంది.

ముక్తినాథ్‌లో రాత్రి ఉండాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. వద్దంటాను. పోఖరా ఎత్తు 800 మీటర్లు, ముక్తినాథ్ గుడి కింది ఊరు రాణీపౌవా 3,700. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది వైద్యులు చెప్పే లెక్క. కాలోపానిలో ఒక రాత్రి, మార్ఫాలో ఒక రాత్రి గడిపి, మూడో రోజు తెల్లారి ఐదింటికి బయల్దేరితే ఏడుకల్లా రాణీపౌవాలో ఉంటారు. పార్కింగ్ నుంచి గుడికి మెల్లగా అరగంట నడక. 108 ధారల కింద స్నానం చేసేవాళ్లు పొడి బట్టలు, మంకీక్యాప్ చేతిలో పట్టుకుని వెళ్లండి, ఆ నీళ్లు మంచు నీళ్లే. పదింటికల్లా దిగడం మొదలుపెడితే గాలి ముదిరే లోపు మళ్లీ మార్ఫా. తలనొప్పితో పాటు వాంతులో, తూలడమో ఉంటే ఇంకో గంట చూద్దామనుకోవద్దు, వెంటనే కిందికి దిగాలి. ఎత్తు జబ్బు రాకుండా ఇచ్చే ఎసిటజోలమైడ్ వాడాలా వద్దా అన్నది బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు మరీ ముఖ్యంగా.

తిరుగు ప్రయాణంలో వేరే సరిహద్దు నుంచి బయటికి రావాలనుకుంటే రావొచ్చు, బీహార్‌లోని రక్సౌల్ కూడా సరే. ఎక్కడ దాటినా భన్సార్ రసీదు కౌంటరులో చూపించి బండి బయటికి వెళ్లినట్టు నమోదు చేయించుకోండి. గేటు తెరిచి ఉంది, ఎవరూ ఆపలేదు కదా అని వచ్చేస్తే, రికార్డుల్లో మీ కారు ఇంకా నేపాల్‌లోనే ఉంటుంది, రోజులు నడుస్తూనే ఉంటాయి. ఇచ్చే ముందు రసీదు రెండు వైపులా ఫొటో తీసుకోండి. మళ్లీ అదే బండితో దసరాకి పోదామనుకుంటే, అప్పటికి ఆర్థిక సంవత్సరం మారిపోయి 30 రోజుల కోటా కొత్తగా మొదలవుతుంది.